ఫోన్ కాపలా: మారతహళ్లిలో ఒక నిద్రలేమి కేసు

నిద్ర పట్టడం లేదని బెంగళూరు మారతహళ్లిలోని నా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్లకూ నలభైకీ మధ్య వాళ్లే. కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వస్తారు. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసి, పొద్దున మీటింగ్‌లో కళ్లు మండుతూ కూర్చునేవాళ్లు. వాళ్ల కేసులు ఎన్నయినా రాయొచ్చు. ఇది మాత్రం 61 ఏళ్ల ఒక పెద్దావిడ కేసు. ఇందులో నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు చేసి ఉండకపోతే అసలు సంగతి ఎప్పటికి బయటపడేదో నాకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఊరు, ఉద్యోగాలు, కుటుంబం వివరాలు మార్చాను.

వచ్చిన రోజు

కొడుకు తీసుకొచ్చాడు. ఫిజీషియన్ ఇచ్చిన చీటీలో ఒకటే లైను: "నిద్రలేమి. మొబైల్ అడిక్షన్?" ఆ ప్రశ్నార్థకం నాకు నచ్చింది. కొడుకు మాటల్లో మాత్రం ప్రశ్న లేదు.

"రాత్రంతా ఫోన్ చూస్తానే ఉంటుంది మేడమ్. ఒంటిగంటకు నేను నీళ్లకు లేస్తే గదిలో వెలుగు. మెల్లగా చెప్పాను, కోపంగా చెప్పాను, వినదు. బ్లూ లైట్ కళ్లద్దాలు కూడా కొనిచ్చాను. మీరన్నా మాన్పించండి."

ఆవిడ అవేమీ పట్టనట్టు గోడమీద క్యాలెండర్ చూస్తోంది. నా క్లినిక్‌లో ఉండేది తెలుగు తిథుల క్యాలెండర్. "మీది యా ఊరు తల్లీ?" అంది. హిందూపురం అన్నాను. "ఓ, మన పక్కే" అని కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఆవిడది ప్రొద్దుటూరు దగ్గర పల్లె అనుకోండి. ఏడో తరగతి దాకా చదువు. భర్త పోయి తొమ్మిదేళ్లు. మనవరాలిని చూసుకోవడానికి మూడేళ్ల కిందట బెంగళూరు వచ్చింది. పదకొండో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఐదేళ్ల మనవరాలు రాత్రి ఆవిడ పక్కనే పడుకుంటుంది. కొడుకూ కోడలూ ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఇద్దరికీ అమెరికా టీమ్‌లు. నిద్ర ఎప్పటి నుంచి చెడింది అని అడిగితే ఏడాదిన్నర అని చెప్పారు. వారంలో ఒక్క రాత్రయినా సరిగ్గా పడుతుందా అంటే "యాడ పడ్తాది?" అంది. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటాం. ఈవిడకు ఆ గీత దాటి చాలా కాలమైంది.

నిద్రలేమి తీవ్రత కొలిచే ఏడు ప్రశ్నల స్కేలు ఒకటి ఉంది, ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్. మొత్తం 28 మార్కులు. 15 నుంచి 21 మధ్య వస్తే మధ్యస్థాయి తీవ్రత. ఆవిడకు 19 వచ్చింది. పెద్దవాళ్ల డిప్రెషన్ స్కేలులో 15కి 4. అంటే దిగులు ఉంది గానీ డిప్రెషన్ అనేంత లేదు.

ఆ రోజు నోట్సులో "దగ్గరివాళ్ల మరణాలు" అన్న గడిలో ఇలా రాసుకున్నాను: భర్త, తొమ్మిదేళ్లు, అక్క, ఏడాదిన్నర. రాసుకుని తర్వాతి గడిలోకి వెళ్లిపోయాను. నిద్ర చెడిందీ ఏడాదిన్నరే, అక్క పోయిందీ ఏడాదిన్నరే. రెండూ ఒకే కాగితం మీద, అరచేతి దూరంలో ఉన్నాయి.

ముందు తీసెయ్యాల్సినవి

అరవై దాటినవాళ్లకు నిద్ర లేదంటే సరాసరి ఫోన్ మీద పడకూడదు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, కాళ్లు పీకడం, థైరాయిడ్, షుగర్, రాత్రి మూత్రానికి లేవడం, వాడే మందులు, అన్నీ చూడాలి. గురక లేదని కోడలు చెప్పింది. థైరాయిడ్, రక్తం మామూలుగానే ఉన్నాయి. రెండు విషయాలు మాత్రం దొరికాయి. ఆవిడ వాడే బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉంది, దాన్ని రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటోంది. ఫిజీషియన్ దాన్ని పొద్దుటికి మార్చారు. దాంతో రాత్రి బాత్రూముకు లేవడం మూడుసార్ల నుంచి ఒకసారికి తగ్గింది.

రెండోది నాకు కోపం తెప్పించింది. కింది అంతస్తులో ఉండే ఒకావిడ "ఇది వేసుకోండి అక్కా, హాయిగా పడుతుంది" అని ఆల్ప్రాజోలం అనే మత్తుమాత్ర ఇచ్చిందట. రెండు నెలలుగా రోజు విడిచి రోజు 0.25 మిల్లీగ్రాములు. పెద్ద వయసులో ఇలాంటి మాత్రలతో మతిమరుపు, తూలు, పడిపోయి తుంటి విరగడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు, కానీ మన అపార్ట్‌మెంట్లలో పచ్చడి సీసా లాగా చేతులు మారుతూ ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఆపకుండా ఫిజీషియన్ ఆరు వారాల్లో మెల్లగా మాన్పించారు.

కళ్లద్దాల గురించి ఒక మాట. ఫోన్ వెలుగులోని నీలం కాంతి నిద్రను చెడగొడుతుందన్న మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. అబద్ధం కాదు, కానీ దానికి ఉన్న బరువు కన్నా పేరు ఎక్కువ. బోస్టన్‌లో 12 మందితో చేసి 2015లో ప్రచురించిన పరిశోధన ఒకటి తరచూ చెబుతారు. నిద్రకు ముందు నాలుగు గంటలు, ఐదు రాత్రుల పాటు, పూర్తి వెలుగుతో ఉన్న ట్యాబ్లెట్ మీద పుస్తకం చదివించారు. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ ఆలస్యంగా పెరిగిన మాట నిజమే. కానీ కాగితం పుస్తకం చదివినప్పటితో పోలిస్తే నిద్ర పట్టడానికి ఎక్కువ పట్టింది సుమారు పది నిమిషాలు. దానికి తోడు వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, లోపలికి వెళ్లే నీలం కాంతి దానంతట అదే తగ్గుతుంది. అరవై ఒక్కేళ్ల కంటికి ప్రకృతి అప్పటికే సగం కళ్లద్దాలు పెట్టేసింది. మూడు గంటలు మేలుకుని ఉండే మనిషికి ఈ లెక్క చాలదు. అడగాల్సింది వెలుగు గురించి కాదు, ఆ తెర మీద ఏముందన్నది. ఇంత తెలిసి కూడా నేను సరిగ్గా అడగలేదు, అది ముందుకు వస్తుంది.

చింతగింజల డైరీ

నిద్ర వైద్యంలో మొదటి పని రెండు వారాల డైరీ. ఎన్నింటికి పడుకున్నారు, సుమారు ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు. పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం వేసి ఇచ్చాను. రాత్రి లెక్క ఎలా రాస్తారన్నది చిక్కు. లైటు వేస్తే పాప లేస్తుంది. గడియారం చూడొద్దని మేమే చెబుతాం, చూసేకొద్దీ ఆందోళన పెరుగుతుంది కాబట్టి. ఆవిడే దారి చెప్పింది. దిండు పక్కన రెండు గిన్నెలు, ఒకదాన్నిండా చింతగింజలు. మెలకువ వచ్చిన ప్రతిసారీ ఒక గింజ ఇందులోంచి అందులోకి. పొద్దున లెక్కపెట్టి రాసేది. నా ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇంత నిజాయితీ ఉన్న డైరీ ఇంకొకటి చూడలేదు.

రెండు వారాల సగటు ఇలా వచ్చింది. పక్క మీదకు చేరేది 9.30కి, దిగేది 6 గంటలకు. అంటే 510 నిమిషాలు. అందులో నిద్ర 305 నిమిషాలు, ఐదు గంటలు దాటి కొంచెం. పక్క మీద గడిపిన సమయంలో నిద్ర శాతం 60. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది 85కి తగ్గకూడదు. రాత్రికి మూడు, నాలుగు గింజలు. మధ్యాహ్నం పాప స్కూల్లో ఉన్నప్పుడు రెండు గంటల కునుకు.

ఫోన్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీ చూడొచ్చా అని అడిగాను. "సూడు తల్లీ, దాపరికం ఏముంది" అని చేతికిచ్చింది. రోజుకు సగటున ఐదు గంటలు. యూట్యూబ్ రెండు గంటలు, ఫేస్‌బుక్ దాదాపు అంతే, వాట్సాప్ ముప్పావు గంట. షార్ట్‌లు, రీల్స్: కోనసీమ వంటలు, గుడి ప్రవచనాలు, పాత పాటలు, కోడళ్ల మీద జోకులు. నా మనసులో కేసు తేలిపోయింది. ఒంటరితనం, ఖాళీ సాయంత్రం, ముగింపు లేని వీడియోలు. ఊళ్లో టీవీ సీరియల్‌కైతే ఒక చివర ఉంటుంది, "మిగతా భాగం రేపు" అనగానే టీవీ కట్టేసి పడుకునేది. రీల్‌కు రేపు లేదు.

అదే పేజీలో ఇంకో అంకె ఉంది, ఒక్కో యాప్‌ను రోజుకు ఎన్నిసార్లు తెరిచారన్నది. వాట్సాప్ పక్కన 70కి పైగా ఉంది. ముప్పావు గంటకు డెబ్బై సార్లు! ఒక్కోసారి నిమిషం కూడా లేదన్నమాట. నేను గంటలు చూశాను, సార్లు చూడలేదు.

ఆ రోజే కోడలు బయటికి వెళ్తూ ఒక మాట అంది: "అత్తమ్మ ఆ వీడియోలు చూసి నవ్వదు మేడమ్. రెండు చూస్తుంది, మళ్లీ వాట్సాప్‌కి పోతుంది." అది కూడా రాసుకున్నాను. అంతే.

నా మొదటి ప్లాన్

ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చాను. ఫోన్ 9.30కి హాల్లో చార్జింగ్‌లో పెట్టాలి, పొద్దున దాకా ముట్టుకోకూడదు. యూట్యూబ్‌కూ ఫేస్‌బుక్‌కూ టైమర్. నోటిఫికేషన్లన్నీ రాత్రికి బంద్. పక్క మీద పడుకోవడం తప్ప ఇంకేమీ చేయకూడదు, నిద్ర రాకపోతే లేచి వచ్చి కుర్చీలో కూర్చుని నిద్ర ముంచుకొచ్చాకే వెళ్లాలి. 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో గట్టి స్తంభం. కొడుకు సంతోషపడ్డాడు. ఆవిడ సరేనంది. పెద్దవాళ్లు "సరే" అన్నప్పుడు అది ఒప్పుకోవడమా, వాదించడం ఇష్టం లేకపోవడమా అని ఆగి చూడాలి. నేను ఆగలేదు.

వారం తర్వాత డైరీలో గింజలు ఏడుకు పెరిగాయి. నిద్ర 245 నిమిషాలకు పడిపోయింది, అంటే గంట తగ్గింది. ఆవిడ నిద్ర రాక కుర్చీలో కూర్చోవడానికి లేవలేదు, హాల్లోకి ఫోన్ దగ్గరికి వెళ్లింది. ఒక్కో రాత్రి ఆరుసార్లు. ఐదో రాత్రి చీకట్లో టీపాయ్ అంచుకు మోకాలు కొట్టుకుని సోఫా మీద పడింది. ఎముకకు ఏమీ కాలేదు. కానీ అరవై ఒక్కేళ్ల మనిషి, బీపీ మందు మీద ఉన్న మనిషి, ఆల్ప్రాజోలం ఇంకా పూర్తిగా మానని మనిషి, నేనిచ్చిన సలహా వల్ల చీకట్లో నడిచి పడింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక చాలాసేపు నాకు అన్నం సయించలేదు.

కొడుకు ఫోన్ చేసి, "ఇది అడిక్షనే మేడమ్, చూశారుగా. నిమ్హాన్స్‌కు తీసుకెళ్లనా?" అన్నాడు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో టెక్నాలజీ అతి వాడకం కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది, గేమ్‌ల నుంచి బయటపడలేని పిల్లలను నేనూ అక్కడికి పంపుతుంటాను. అవసరమైతే పంపుదాం, ఒక్క సెషన్ ఆగండి, ఈసారి అమ్మనూ కోడలినీ మాత్రమే పంపండి అన్నాను.

అడగాల్సిన ప్రశ్న

ఆ సెషన్‌లో నేను అడిగింది ఒక్కటే. "హాల్లోకి వెళ్లి ఫోన్‌లో మొదట ఏం చూశారమ్మా?"

"ఏముంది తల్లీ. ఎవురన్నా పోయినారేమోనని."

కోడలు తలెత్తి చూసింది. ఆవిడకీ తెలియదు.

ఏడాదిన్నర కిందట ఆవిడ అక్క ఊళ్లో రాత్రి పదకొండు దాటాక పోయింది. గుండెపోటు. ఇంట్లోవాళ్లు హడావుడిలో అందరికీ ఫోన్లు చేయలేక, కుటుంబం వాట్సాప్ గ్రూపులో 12.40కి మెసేజ్ పెట్టారు. ఈవిడ పొద్దున ఆరుకు లేచి, పాపకు పాలు పట్టి, టిఫిన్ చేసి, ఎనిమిదింటికి ఫోన్ చూసింది. దండ వేసిన ఫోటో. దాని కింద అప్పటికే అరవై "ఓం శాంతి"లు. కారు దొరికి, బయలుదేరి, బెంగళూరు ట్రాఫిక్ దాటి ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఎండాకాలం, ఎక్కువసేపు ఉంచలేమని అప్పటికే ఎత్తేశారు. ఆఖరి చూపు దక్కలేదు.

"నేను నిద్రపోతాండా తల్లీ. మా యక్క ఆడ పోయి ఉంటే నేను ఈడ గుర్రు పెట్టి నిద్రపోతాండా. ఊర్లో అయితే ఏడుపు ఇనపడ్తాది. ఈడ ఫోనే గదా."

ఇక అన్నీ కుదురుకున్నాయి. డెబ్బై సార్లు వాట్సాప్. నవ్వు లేకుండా చూసే వీడియోలు. గదిలో వెలుగు. ఆవిడ ఫోన్ చూడటం లేదు, కాపలా కాస్తోంది. ఊరి గ్రూపు, కుటుంబం గ్రూపు, వీధి ఆడవాళ్ల గ్రూపు, భజన గ్రూపు వరసగా తెరిచి, ఎక్కడా దండ వేసిన ఫోటో లేదని చూసుకుంటుంది. ఆ క్షణానికి మనసు కుదుటపడుతుంది, పూర్తిగా కాదు. ఆ మిగిలిన దడ తగ్గడానికి రీల్స్. పావుగంటకు మళ్లీ అనుమానం, మళ్లీ వాట్సాప్.

సోషల్ మీడియా అలవాటు అనగానే మేం సాధారణంగా ఆనందం లెక్క చెబుతాం. లైకు, కొత్త వీడియో, తర్వాత ఏమొస్తుందో అన్న ఆశ. ఈవిడ విషయంలో బహుమతి ఆనందం కాదు, భయం కాసేపు తగ్గడం. ఆశతో అంటుకున్న అలవాటు కన్నా భయం తగ్గడంతో అంటుకున్న అలవాటు మొండిది. ఎందుకంటే చూసిన ప్రతిసారీ "ఏమీ కాలేదు" అని తేలుతుంది. చూశాను కాబట్టే నెమ్మదిగా ఉన్నానని మనసు నమ్ముతుంది. ఫోన్ తీసి హాల్లో పెట్టి నేను ఆ కాపలా మనిషిని గేటు దగ్గరనుంచి దూరంగా కట్టేశాను. ఆయన నిద్రపోతాడా?

అలాగని దీన్ని అడిక్షన్ అనడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌కు చోటుంది గానీ "సోషల్ మీడియా అడిక్షన్" అన్న పేరుతో జబ్బు లేదు. పేరు సంగతి అటుంచి, పేరు పెట్టేస్తే ఇంక అడగడం ఆగిపోతుంది. మా విషయంలో జరిగింది అదే.

నిద్రలేమికి ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో చెప్పిన ఒక చట్రం ఉంది. నిద్ర చెడటానికి ముందే మనిషిలో ఉన్న ఒంపు, దాన్ని మొదలుపెట్టిన ఘటన, దాన్ని ఇంకా నడిపిస్తున్న అలవాట్లు, ఈ మూడింటినీ విడివిడిగా చూడమంటాడు. వయసు వల్ల పలచబడిన నిద్ర, అక్క మరణం, తెల్లవార్లూ కాపలా. నేను మూడోదానిలో పైపొరను మాత్రమే పట్టుకుని లాగాను.

రెండో ప్లాన్

వార్త తప్పకుండా చేరుతుందని ఆవిడకు నమ్మకం కలగాలి. మాటలతో కాదు, పరీక్షతో.

మొదట నేను చెప్పింది చిన్న బటన్ల ఫోన్. కొత్త నంబరు, నలుగురికే ఇద్దాం, దిండు పక్కన పెట్టుకోండి అన్నాను. "ఆ నంబరు ఊర్లో ఎవురికి తెలుసు?" అని ఒక్క మాటతో కొట్టేసింది. నిజమే.

చివరికి అక్క కొడుకును సెషన్ మధ్యలో స్పీకర్‌లో పెట్టి మాట్లాడాం. ఊళ్లో ఎవరికి ఏమైనా, ఏ వేళైనా, గ్రూపులో మెసేజ్ పెట్టడానికి ముందు పిన్నమ్మకు మామూలు కాల్ చేయాలి. వాట్సాప్ కాల్ కాదు, ఇంట్లో వైఫై పోతే అది రాదు. "అట్లే పిన్నమ్మా, నీకే మొదట చేస్తా" అన్నాడు. ఆయన నంబరు, ఇంకో ఇద్దరి నంబర్లు స్టార్ కాంటాక్టులుగా పెట్టి, రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా డూ నాట్ డిస్టర్బ్ వేశాం. వాళ్లు చేస్తేనే మోగుతుంది. గ్రూపులన్నీ మ్యూట్.

క్లినిక్‌లోనే చూపించాం. కోడలు గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టింది, ఫోన్ పలకలేదు. అక్క కొడుకు కాల్ చేశాడు, మోగింది. ఆవిడ రెండుసార్లు మళ్లీ చేయించుకుని విన్నది. అప్పుడు కూడా నమ్మకం లేదు: "పగలు మోగింది. రాత్రి మోగల్ల గదా."

సరే, ఈ వారంలో ఏదో ఒక రాత్రి, ఏ రాత్రో చెప్పకుండా, ఆయన చేస్తాడని అనుకున్నాం. నాలుగో రాత్రి 11.50కి చేశాడు. ఫోన్ హాల్లోంచి గట్టిగా మోగింది. ఆవిడ నిద్రలోంచి లేచి (అవును, ఆ రాత్రి నిద్రపోతోంది) తీసి మాట్లాడింది. పాప లేచి ఏడ్చింది. కొడుకు నా మీద విసుక్కున్నాడని తర్వాత కోడలు చెప్పింది, తప్పు లేదు, మర్నాడు ఏడింటికి ఆయనకు కాల్ ఉంది. కానీ మర్నాటి నుంచి గింజలు తగ్గడం మొదలైంది. హాల్లోకి చీకట్లో నడవకుండా బెడ్‌రూమ్ తలుపు నుంచి హాలు దాకా కాళ్ల దగ్గర వెలిగే చిన్న లైటు కూడా పెట్టించాను, అది మొదటి రోజే చేయాల్సింది.

హాలు ఎవరిది

ఇంకో పొర మిగిలి ఉంది. ఊళ్లో ఎనిమిదిన్నరకు పడుకుని నాలుగున్నరకు లేచి వాకిట్లో ముగ్గు వేసిన మనిషి. ఇక్కడ తలుపు ముందు స్టిక్కర్ ముగ్గు. భోజనం 9 దాటాక. ఆ తర్వాత హాలు కొడుకు మీటింగ్‌కు, డైనింగ్ టేబుల్ కోడలి మీటింగ్‌కు. ఆవిడ దగ్గితే కూడా అవతల వినపడుతుంది. అందుకని 9.30కే పాపను తీసుకుని గదిలోకి వెళ్లి, లైటు ఆర్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకునేది. నిద్ర వచ్చి కాదు, ఇంకెక్కడా చోటు లేక.

నిద్రకు రెండు శక్తులు కలిసి రావాలి. మెలకువగా ఉన్న గంటలు పోగేసే ఒత్తిడి ఒకటి, ఒంట్లోని గడియారం ఇంకొకటి. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ఈ లెక్క చెప్పాడు. మధ్యాహ్నం రెండు గంటల కునుకుతో ఈవిడ ఒత్తిడి సగం ఖర్చయిపోతోంది. గ్రిల్ బాల్కనీ దాటి ఎండ మొహం చూడక గడియారం మసకబారింది.

ఆ ఒత్తిడి మళ్లీ పోగవ్వాలంటే పక్క మీద సమయాన్ని తగ్గించాలి. కుర్రవాళ్లకైతే ఒక్కసారిగా కోసేస్తాను. ఈవిడకు మెల్లగా కుదించాను, మొదట 7 గంటలకు, మూడు వారాల్లో 6.30 గంటలకు. పక్క మీదకు 10.30, దిగడం 5. పదిన్నర దాకా ఎక్కడ కూర్చోవాలి అన్నదాని మీదే ఒక సెషన్ మొత్తం పోయింది. కొడుకు బాగా వాదించాడు. బెడ్‌రూమ్‌లో నెట్ సరిగ్గా రాదన్నాడు. చివరికి రౌటర్ జరిపారు, ఆయన మీటింగ్ బెడ్‌రూమ్‌లోకి వెళ్లింది, హాలు అమ్మకు వచ్చింది. నా కేసు నోట్సులో అన్నింటికన్నా పెద్ద చికిత్స ఆ రౌటర్ జరపడమేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ గంటలో ఏం చేయాలో నేను చెప్పలేదు. సాయంత్రం బండి మీద విడి మల్లెలు కొని, రాత్రి టీవీ ముందు కూర్చుని మాల కట్టడం ఆవిడే మొదలుపెట్టింది. పొద్దున దేవుడికి, మిగిలింది కోడలికి. కునుకు అరగంటకు, మూడింటిలోపు ముగించేలా తగ్గింది. అప్పుడప్పుడు జారిపోయేది, ముఖ్యంగా ఆదివారాలు. పొద్దున ఆరున్నరకు కింద పార్కులో నడక. అక్కడ నెల్లూరావిడ, గుంటూరావిడ, ఒక కోలారు తెలుగావిడ దొరికారు. రీల్స్ మాన్పించలేదు. అవి సాయంత్రం బెంచీ మీదకు మారాయి, నలుగురూ ఒకే ఫోన్‌లోకి తొంగిచూస్తూ. ఇప్పుడు నవ్వుతోందని కోడలు చెప్పింది.

లెక్కలు

మొత్తం ఏడు సెషన్లు, పది వారాలు. చివరి రెండు వారాల సగటు: పక్క మీద 390 నిమిషాలు, నిద్ర 345. శాతం 88. స్కేలు 19 నుంచి 9కి దిగింది, పూర్తిగా పోయిందని అనడానికి 7కి గానీ అంతకన్నా కిందకు గానీ రావాలి. నిద్ర పెరిగింది 40 నిమిషాలే. ఇది చెప్పగానే కొడుకు ముఖం చిన్నబోయింది, ఎనిమిది గంటలు నిద్రపోతుందని అనుకున్నట్టున్నాడు. పక్క మీద మేలుకుని గడిపే సమయం మాత్రం 205 నిమిషాల నుంచి 45కి తగ్గింది. ఆవిడ మాటల్లో అయితే "రాత్రి సిన్నదైంది." ఫోన్ వాడకం రోజుకు ఐదు గంటల నుంచి మూడున్నరకు వచ్చింది, నేను దాన్ని లక్ష్యంగా పెట్టుకోలేదు. వాట్సాప్ తెరవడం 70 నుంచి 25కి.

ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. మాత్ర పొద్దుటికి మార్చడం, కునుకు తగ్గడం, ఎండ, హాలు, అక్క కొడుకు కాల్, అన్నీ కలిసే జరిగాయి. ఒక్క కేసుతో అంతకన్నా తేలదు. మొదటి ప్లాన్ వారం ఒక్కటే శుభ్రమైన ప్రయోగం, దాని ఫలితం మోకాలి మీద ఉంది.

తర్వాత

మూడు నెలలకు ఫాలో అప్‌కు వచ్చింది. ఈ మధ్యలో ఊళ్లో ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు పోయింది. రాత్రి 2.10కి ఫోన్ మోగింది. నాలుగింటికల్లా కారులో ఉన్నారు, పదిన్నరకు ఊళ్లో ఉన్నారు. "నీళ్లు పోసినాం తల్లీ, నా సేత్తో పసుపు రాసినా" అంది. ఆ తర్వాత రెండు వారాలు మళ్లీ గింజలు ఐదారు వచ్చాయి. నేను ప్లాన్ ఏమీ మార్చలేదు, దుఃఖానికి చికిత్స చేయాల్సిన పని లేదు. మూడో వారానికి రెండుకు వచ్చాయి.

దసరాకు ఊరెళ్లి నెల రోజులు ఉండి వచ్చింది. డైరీ తెమ్మన్నాను, ఖాళీ కాగితాలు తెచ్చింది. అక్కడ రాయలేదట. మరి ఫోన్ ఎక్కడ పెట్టుకునేవారు రాత్రి అని అడిగాను.

"ఫ్రిజ్జు మీద. సార్జింగ్ అయిపోయి ఉన్నా సూసుకోలే. ఊర్లో దాంతో ఏం పని తల్లీ, ఎవురికి ఏమైనా ఈదిలోనే తెలుస్తాది గదా."